పొగలేని పొయ్యి, పచ్చజొన్న కంకులు

చలి మొదలైందంటే మా అపార్టుమెంట్‌లో లిఫ్టు పక్కన ఒక కాగితం అంటిస్తారు. గీజర్లు చూపించుకోండి, వంటింటి చిమ్నీలు కడిగించుకోండి, తడి చేతులతో స్విచ్చులు ముట్టుకోకండి అని. కింద సెక్రటరీ సంతకం ఉంటుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివే మనిషిని నేనొక్కదాన్నే. ముసలామెకు లిఫ్టు వచ్చేదాకా వేరే పనేముంది అనుకుంటారు పిల్లలు. అది కాదు సంగతి. అరవై ఏళ్ల కిందట ఇలాంటి కాగితమే నేనూ రాసి ఒక ఊళ్లో ఇంటింటికీ గోడకు అంటించాను. మైదాపిండి ఉడకబెట్టిన జిగురుతో, నా చేతులతో. ఆ కాగితంలో ఒక్క తప్పు మాట లేదు. అయినా దాని వల్ల ఒక ఇంట్లో విత్తనం పోయింది.

ఉద్యోగాల్లో కొత్తగా చేరే ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. ఇందులో నేను మంచిగా కనిపించను కాబట్టి వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు నన్ను తిట్టగలిగిన వాళ్లెవరూ మిగల్లేదు, చెప్పేస్తాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లయింది. ఊళ్లను బాగుచేయాలని బ్లాకులు పెట్టి, మగవాళ్లను గ్రామసేవకులుగా, ఆడవాళ్లను గ్రామసేవికలుగా వేశారు. సేవకుడు పొలంలోకి పోయి ఎరువులు, విత్తనాలు చెప్పాలి. సేవిక వంటింట్లోకి పోయి శుభ్రత, పిల్లల పెంపకం, పొగలేని పొయ్యి చెప్పాలి. పొలం ఆయనది, వంటిల్లు నాది. ఈ పంపకం జ్ఞాపకం పెట్టుకోండి, నేను బోల్తా పడింది సరిగ్గా ఆ గీత మీదే.

మాది వరంగల్. మా నాన్నను బాపు అనేదాన్ని, ఆయనకు బజారులో గింజల దుకాణం. దుకాణం వెనక ఇల్లు, ఇంటి వెనక కిటికీ లేని వంటిల్లు. మా అమ్మ ఆ వంటింట్లోంచి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ తప్ప బయటికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. నలభై దాటేసరికే సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. ట్రైనింగులో మాకు మొదటిసారి పొగలేని పొయ్యి చూపించిన రోజు నాకు ఏడుపొచ్చింది. నవ్వకండి, నిజంగానే ఏడ్చాను. మట్టితో కట్టిన పొడుగాటి పొయ్యి, రెండు కుండలకు రెండు కంతలు, వెనక కుమ్మరి చేసిన మట్టి గొట్టాలు ఒకదాని మీద ఒకటి పెట్టి కప్పు దాటిస్తే చాలు, పొగంతా ఆకాశంలోకి పోతుంది. ఇంత చిన్న పనికి మా అమ్మ కళ్లు పోయాయా అనిపించింది. సెలవుల్లో ఇంటికి పోయి మొదటి పొయ్యి ఆమెకే కట్టాను.

అందుకని ఉద్యోగంలో చేరేటప్పటికి నా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి ఆ పొయ్యి మీద పిచ్చి ప్రేమ. రెండోది కోపం. ఎవరైనా ఆ పొయ్యిని ఒక్క మాట అంటే మా అమ్మను అన్నట్టే లెక్క.

నాతో పనిచేసిన గ్రామసేవకుడు నాకంటే పదేళ్లు పెద్ద. పాత సైకిలు, పైజామా, చెవి మీద పెన్సిలు. నన్ను సొంత చెల్లెలిలా చూసుకునేవాడు, సొంత చెల్లెలిలాగే ఏడిపించేవాడు.

“చెల్లె, నీ పొయ్యిల పొగ లేదు గని నీ ముక్కు మీద మాత్రం ఎప్పుడు నిప్పులే ఉంటయి” అనేవాడు.

రఘునాథపల్లిలో మూడిళ్ల వాకిట్లో ఒక గది నాది. అక్కడినుంచి నాలుగు మైళ్లు లోపలికి నడిస్తే నాకు అప్పజెప్పిన ఊరు. ఆ ఊళ్లో నేను మొదట ఎక్కిన గడప ఒక అవ్వది. మగడు ఎప్పుడో పోయాడు, ఒక్క కొడుకు, కోడలు. పెద్ద భూస్వాములేం కారు, ఉన్నది వాన మీద పండే కొద్దిపాటి చెలక. కానీ ఊళ్లో ఆమెకున్న మర్యాద పటేలుకు కూడా లేదు. ఎందుకంటే ఊరంతటికీ పచ్చజొన్న విత్తనం ఆమె ఇంట్లోంచే పోయేది.

పద్ధతి ఎట్లా అంటే, పంట కోయగానే అవ్వ చేలో తిరిగి తన చేత్తో కంకులు ఏరేది. బరువైనవి, గింజ దగ్గర దగ్గరగా పట్టినవి. వాటిని కట్టలు కట్టి వంటింట్లో పొయ్యికి నేరుగా పైన దూలాలకు వేలాడదీసేది. మృగశిర కార్తె వచ్చేసరికి ఊరి ఆడవాళ్లు చాటలు పట్టుకుని వచ్చి ఎవరికి కావలసినంత వాళ్లు తీసుకుపోయేవాళ్లు. పంట వచ్చాక ఒక కంకికి ఒకటిన్నర లెక్కన తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆమె అత్త చేసిందదే, ఆ అత్తకు అత్త చేసిందదే. ఆ ఇంటి వాళ్లు ఇంకొకరి గడపలో నిలబడి విత్తనం అడగడం అన్నది ఎప్పుడూ జరగలేదు.

నేను మొదటిసారి పోయిన రోజు మృగశిరకు పంచగా మిగిలిన కట్టలు కనిపించే ఉంటాయి. ఏళ్ల తరబడి పట్టిన మసితో దూలాలు, కంకులు అన్నీ ఒకే నలుపు. ఆ ఇంటికి అది విత్తనం. నాకు అది మసి, అంతే.

అవ్వ పొయ్యికి ఒప్పుకున్నది నా ఉపన్యాసం విని కాదు. కోడలు అప్పుడే పురిటి మంచం దిగింది. పసివాడు పొగకు ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంటే ఆ పిల్ల తడిక చాటున కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. అవ్వ పసివాణ్ని చూసింది, నన్ను చూసింది.

“కట్టు బిడ్డా” అంది. “మా కాలం ఎట్లనో ఎల్లిపాయె. వీనికన్న జర గాలి తగలనియ్యి.”

వానలు వెనకబట్టాక ఆశ్వయుజంలో కట్టాను. మూడు రోజులు మట్టి తొక్కాను, అవ్వ పేడ కలిపి అలికింది, ఆమె కొడుకు పెంకులు తీసి గొట్టం పైకి లేపాడు. మంట పెట్టగానే పొగ బుద్ధిగా వెనక్కి తిరిగి గొట్టంలోకి పోయింది. కోడలు పొయ్యి ముందు కూర్చుని తల ఎత్తి నవ్వింది. కళ్లు ఎర్రగా లేకుండా ఆ పిల్ల ముఖం నేను చూడటం అదే మొదలు. ఆ ఇల్లు చూసి ఇంకో ముప్ఫై ఇళ్ల వాళ్లు కట్టించుకున్నారు. కట్టించుకోని వాళ్ల పేర్లు నా రిజిస్టరులో వేరే పేజీలో రాసుకున్నాను. పైన పెద్ద అక్షరాలతో ‘నిరాకరించిన ఇళ్లు’ అని రాసి, ఎర్ర సిరాతో కింద గీత కూడా కొట్టాను. అందులో మొదటి పేరు చెరువుకట్ట కింది ఇంటామెది. ఆమె కట్టించుకుని, మూడో రోజు కూలగొట్టింది. ఆ గీత ఆమె కోసమే కొంచెం గట్టిగా కొట్టాను.

అంతలో కార్తీకం వచ్చింది, పచ్చజొన్న కోతలయ్యాయి. ఒకనాడు అవ్వ కంకుల కట్టలు కడుతుంటే పక్కన కూర్చున్నాను. ఒక గింజ నోట్లో వేసుకుని దవడ పన్నుతో కొరికింది. కటుక్కుమంది.

“విన్నవా? గింజ గట్ల పలకాలె. పలికిందంటే మొలుస్తది” అంది.

నేను తలూపి, గొట్టం ఎట్లా ఉందో చూడటానికి లేచి వెళ్లాను.

చలికాలం నా పొయ్యిలకు కష్టకాలం. మంచు పడి గొట్టాలు చల్లబడితే పొద్దున్నే పొగ పైకి ఎక్కదు, ఇంట్లోకే తంతుంది. కట్టెలు చెమ్మ పట్టి ఉంటాయి. గొట్టం లోపల మసికి మంచు తగిలి జిగట కడుతుంది. అప్పుడే రాశాను నా కాగితం. ‘చలికాలంలో పొగగొట్టం జాగ్రత్తలు’ అని శీర్షిక. రేపటి కట్టెలు ఇవాళే ఎండలో పెట్టుకోండి, మంట పెట్టే ముందు గొట్టం అడుగున గుప్పెడు గడ్డి కాల్చి వేడి చేయండి, వారానికోసారి పొడుగు కట్టెకు పేలికలు చుట్టి మసి దులపండి, పగుళ్లు కనిపిస్తే ఆ రోజే మట్టితో పూడ్చండి, గొట్టానికి ఎప్పుడూ ఏదీ అడ్డం పెట్టకండి. చదువు రాని వాళ్ల కోసం పక్కన బొమ్మలు వేశాను. గొట్టం అడుగున మసి తీయడానికి చిన్న కంత పెట్టించింది కూడా నేనే. ఆ తెలివి నాదేనని బ్లాకాఫీసులో చెప్పుకుని తిరిగాను.

మార్గశిరంలో ఒకరోజు పొద్దెక్కాక అవ్వ ఇంటికి పోయాను. కోడలు వాకిట్లో పసివాడికి నూనె రాసి ఎండకు పడుకోబెట్టింది. ఇంట్లోంచి పొగ. వంటింట్లోకి పోతే అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది, పొగ దూలాల దాకా కమ్ముకుని ఉంది. వంగి చూశాను. నేను పెట్టించిన కంతలోంచి గోనె పేలిక ఒకటి గొట్టంలోకి కుక్కి ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పేలిక లాగి వాకిట్లోకి విసిరాను.

“ఏంది అవ్వా ఇది? నేను చెప్పింది గోడకు చెప్పినట్టేనా? మీ మనుమడి పాణం కంటే మీ పాత అలవాటు ఎక్కువైందా?” అన్నాను. పక్కింటి వాళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. వాళ్లు వినాలనే ఇంకొంచెం గట్టిగా అన్నాను.

“పొగ మా కోసం కాదు బిడ్డా” అని అవ్వ మొదలుపెట్టింది.

“నాకు అంతా తెలుసు” అని అడ్డం పడ్డాను.

నేను గోడ మీది కాగితం ముందు నిలబడి చివరి మాట, గొట్టానికి ఏదీ అడ్డం పెట్టకండి అన్నది, చదివి వినిపించాను. కంత మీద రేకు ముక్క పెట్టి చుట్టూ మట్టి మెత్తాను. ఇక దాన్ని తీయనని మాట ఇవ్వమన్నాను.

“మంచిది బిడ్డా. తియ్య” అంది అవ్వ.

ఆ పూట నేను గమనించవలసినవి రెండున్నాయి. పసివాడు ఎండలో ఉన్న వేళ చూసుకునే ఆమె పొగ పెట్టింది. కోడలి కళ్లకు, పిల్లవాడి ఊపిరికి దెబ్బ తగలకుండా, పైనున్న కంకులకు రోజుకింత పొగ తగిలేటట్టు తనకు తానే ఒక దారి కనిపెట్టుకుంది. నేను ఆ దారిని రేకు పెట్టి మూసి వచ్చాను. ఆమె మాట మీద నిలబడే మనిషి కాబట్టి ఆ రేకు మళ్లీ తీయలేదు.

మాఘంలో హైదరాబాదు నుంచి పెద్దదొర వస్తున్నాడని కబురు. పొగలేని పల్లె చూడటానికి. అది నా ఊరే. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఆయన ఒక మాట రాస్తే అయిపోతుంది. బ్లాకు ఆఫీసరు నాలుగు సార్లు వచ్చి చూసుకుపోయాడు. మాదిరి ఇల్లు ఏదంటే అవ్వ ఇల్లే.

ఆ రోజు అంతా నేను అనుకున్నట్టే జరిగింది. పొద్దున మంచు ఇంకా పూర్తిగా విడవలేదు, అయినా నా పొయ్యి ఒక్క పీచు పొగ కూడా ఇంట్లోకి వదల్లేదు. దొర తెల్ల కోటు వేసుకుని వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. కోడలు పాలు కాచి ఇచ్చింది. ఆయన గొట్టం తట్టి చూశాడు, నా కాగితం మొత్తం చదివాడు, బొమ్మలు బాగున్నాయన్నాడు. నేను గాలిలో ఉన్నాను. అప్పుడు ఆయన గ్లాసు పక్కన పెట్టి భుజం దులుపుకున్నాడు. తెల్లటి పొడి. మళ్లీ కొంచెం రాలింది, ఈసారి పాల గ్లాసులోకి.

“ఇదేమిటమ్మా, సున్నమా?” అని అడిగాడు.

తల ఎత్తాను. ఆ వంటింట్లోకి నాలుగు నెలలుగా పోతూ, పైకి చూడాలనుకుని చూడటం అదే మొదటిసారి. కంకుల కట్టలు బూడిద రంగుకు తిరిగాయి. దూలం పొడుగునా పిండి, పిండిలో పురుగు కదులుతోంది. నేను గింజల వ్యాపారి కూతుర్ని. పుచ్చిన గింజ ఎట్లా ఉంటుందో, ఆ ముక్క వాసన ఎట్లా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నోరు మాత్రం దాని పని అది చేసింది.

“పాత ఇల్లు సార్. గోడ మట్టి రాలుతోంది” అన్నాను.

అవ్వ ద్వారం దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూసింది. ఆమె ఒక్క మాట అంటే చాలు. పక్కకు జరిగి దొరకు దారి ఇచ్చింది. దొర మెచ్చుకుని జీపెక్కాడు, బ్లాకు ఆఫీసరు నా భుజం తట్టబోయి ఆడపిల్లనని ఆగిపోయాడు. అట్లా నా ఉద్యోగం నిలబడింది.

జీపు కనుమరుగు కాగానే వెనక్కి వచ్చాను. అవ్వ అప్పటికే కట్టలన్నీ దింపించి వాకిట్లో గోనె మీద పరిచింది. ఒక గింజ నోట్లో వేసుకుని కొరికింది. చప్పుడు లేదు. నాలుక మీది పిండిని అరచేతిలో ఉమ్మి నాకు చూపించింది.

నేను గోనె పక్కన కూర్చున్నాను. “నాకు చెప్పలేదేం అవ్వా?” అన్నాను. అడిగిన మరుక్షణం సిగ్గేసింది.

“చెప్పబోతి. నువ్వు కాగితం చదువుతాన్నవ్” అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే తట్టుకునేదాన్ని. “నా ఫికరు నువ్వు తిట్టినందుకు కాదు బిడ్డా. మృగశిరకు ఊరు చాటలు పట్టుకొని వస్తది. నా దూలం ఖాళీగున్నది. వాల్లకు ఏం చెప్పాలె?”

ఏడ్చాను. కోడలు పిల్లవాణ్ని నా ఒళ్లో పడేసి, “ఏడ్వకు సేవికమ్మా, వీని దగ్గు వోయింది సూడు” అంది. ఓదార్పుకు అన్న మాటే కానీ నిజమే. వాడు మూడు నెలల్లో బొద్దుగా అయ్యాడు. ఆ పొయ్యి వాడికి మేలు చేసింది, విత్తనానికి కీడు చేసింది. రెండూ నా చేతి పనే.

మర్నాడు గ్రామసేవకుణ్ని బతిమాలి తీసుకొచ్చాను. ఏరిన వాటిలో ఏరి నూరు గింజలు తడి గోనెలో చుట్టి పెట్టాడు. నాలుగో రోజు విప్పితే పది కూడా మొలవలేదు. ఆయన నన్ను ఏడిపించలేదు, దాంతో పరిస్థితి ఎంత చెడ్డదో అర్థమైంది.

“డిపో నుంచి సర్కారు జొన్న తెప్పిస్త అవ్వా” అన్నాడు.

“అది ఏ నేలల పుట్టిందో. మా చెలకకు పచ్చజొన్ననే పడుతది, సారూ” అంది అవ్వ.

ఆ ఆదివారం వరంగల్ పోయి బాపుకు చెప్పాను. ఆయన త్రాసు పక్కన పెట్టాడు.

“పొగ తగలని ఇంట్ల గింజ ఎట్ల నిలుస్తదే? నేను బస్తాలల్ల యాపాకు ఎందుకు ఏస్త అనుకున్నవ్? మీ అమ్మకు పొయ్యి కట్టినవ్, సంతోషం. మనింట్ల పైన కంకులు లెవ్వు గన్క సరిపోయింది” అన్నాడు. అమ్మ మాత్రం అన్నం పెడుతూ, “ఆ ముసలామె ఇంటికి పోవుడు బంజేయకు” అంది.

ఆ రాకపోకల్లోనే ఒక సంగతి తట్టింది. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద ఒకటో రెండో పచ్చజొన్న కట్టలు వేలాడదీస్తారు. విత్తనానికి కాదు, తొలి ఏకాదశికి పేలాలు వేయించుకోవడానికి. అవన్నీ అవ్వ ఇచ్చిన గింజకు పుట్టిన కంకులే. నేను పొయ్యి కట్టిన ఇళ్లలో అవి కూడా పుచ్చి ఉంటాయి. కట్టని ఇళ్లలో?

రిజిస్టరు తీశాను. ‘నిరాకరించిన ఇళ్లు’ పేజీ తిప్పాను. ఎర్ర గీత కొట్టి అవమానించిన పేర్లన్నీ వరసగా ఉన్నాయి. విత్తనం బతికి ఉన్న ఇళ్ల జాబితా నా దగ్గర నా చేతిరాతతోనే తయారుగా ఉంది.

అవ్వ రానంది. అడగడానికి ఆమెకు కాళ్లు రాలేదు, నేను బలవంతం చేయలేదు. ఆమె గంప నా నెత్తిన పెట్టుకుని నేనే బయలుదేరాను. మొదట చెరువుకట్ట కింది ఇల్లు. ఆమె వాకిలి ఊడుస్తూ నన్ను చూసి చీపురు నిలబెట్టింది.

“మల్ల పొయ్యి కడ్తవా ఏంది?”

“లేదక్కా. నీ పేలాల కంకులు కావాలె.”

“నాకు ఇద్దరు పిల్లలున్నరు. పండుగనాడు పేలాలు లేకుంటే నా కొంగు పట్టుకొని గుంజుతరు.”

జరిగింది చెప్పాను. దాచకుండా, అవ్వను అందరి ముందు తిట్టిన దగ్గరనుంచి, దొరతో ఆడిన అబద్ధం దాకా. ఆమె విని లోపలికి పోయింది. మసిపట్టిన కట్ట తెచ్చి నా గంపలో వేసింది, మళ్లీ లోపలికి పోయి రెండోది తెచ్చింది.

“గీ కంకులు నీ పొయ్యిని కూలగొట్టి బతికించుకున్నయ్” అంది. “అవ్వకు చెప్పు, నేనిచ్చిన అనకు. ఆమె గింజ ఆమెకొచ్చింది అను.”

జాబితాలో ఉన్న పదమూడు ఇళ్లలో పన్నెండు ఇళ్ల వాళ్లు ఇచ్చారు. ఇవ్వని ఒక్క ఇంట్లో ఎలుకలు ముందే తినేశాయి. గంప దింపితే అవ్వ ఒక్కో కట్ట ఎత్తి, ఇది ఫలానా ఇంటిది, ఇది ఫలానా ఇంటిది అని ముడిని చూసి చెప్పింది. గింజ కొరికింది. కటుక్కుమంది. ఎన్నాళ్లకో ఆ చప్పుడు విన్నాను, నాకు అన్నం తిన్నంత నిండుగా అనిపించింది.

ఇక వాటిని ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. పొయ్యి కూలగొట్టేద్దాం అవ్వా అన్నాను, మనసు చంపుకుని. అప్పటిదాకా అత్త ముందు నోరెత్తని కోడలు వాకిట్లోకి చెయ్యి చూపింది.

“స్నానాల నీళ్లు కాగే పొయ్యి బయటనే ఉన్నది గదా అత్తా. చలికాలం దినాం మండుతనే ఉంటది. దాని మీద పందిరేసి కడితే పొగ వీటికి, గాలి పోరనికి.”

అవ్వ కోడలి వైపు తిరిగి, “నీకింత తెలివి ఉంటే మాఘం దాక ఏం జేసినవే?” అంది. అందరం నవ్వాం.

ఆ నెల రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను. పొగలేని పొయ్యిల వల్ల విత్తనం పుచ్చిందని, ముందే తెలుసుకోకపోవడం నా తప్పని. బ్లాకు ఆఫీసరు ఆ రెండు వాక్యాలు ఎర్ర సిరాతో కొట్టేసి, ‘విత్తన సంరక్షణకు నీళ్ల పొయ్యిలపై పందిళ్లు ప్రవేశపెట్టబడినవి’ అని రాశాడు. ఎవరు ప్రవేశపెట్టారో రాయలేదు. నేను కొత్త కాగితాలు రాసి ఊరంతా తిరిగి పాతవాటి మీద అంటించాను. మొదటి వాక్యం, ముందు మీ దూలాలకు ఏం వేలాడుతోందో చూసుకోండి అని. ఆ తొలి ఏకాదశికి ఊళ్లో సగానికి పైగా ఇళ్లలో పేలాలు లేవు. పిల్లలు దారిలో నన్ను చూసి ముఖం తిప్పుకునేవాళ్లు.

అంతకుముందు మృగశిరకు ఊరు చాటలు పట్టుకుని వచ్చింది. అందరికీ తలా కొంచెమే వచ్చింది, కానీ ఎవరూ ఖాళీ చాటతో పోలేదు. అందరూ వెళ్లాక అవ్వ గుప్పెడు గింజలు నా కొంగులో పోసింది.

“నాకెందుకు అవ్వా? నాకు చెలక లేదు.”

“నువ్వు గూడ మా ఊరిదానివే గదా. పంటొచ్చినంక ఒకటిన్నర తెచ్చియ్యి.”

రఘునాథపల్లిలో నా గది వెనక చాప వెడల్పు నేల ఉంది. అక్కడ విత్తాను. మొదటేడు పిచ్చుకలు గింజ మిగల్చలేదు. గ్రామసేవకుడు వచ్చి చూసి, “పొలం నాది, వంటిల్లు నీది అంటివి. నా పొలంల నీకేం పని చెల్లె?” అని పగలబడి నవ్వాడు, నవ్వాక దడి కట్టి పెట్టాడు. అవ్వ ఇచ్చిన దాంట్లో విత్తకుండా దాచుకున్న గింజతో రెండో ఏడు మళ్లీ వేశాను. ఈసారి కంకులు పట్టాయి. చలికాలమంతా నా నీళ్ల పొయ్యి మీద కట్టి, వేణ్నీళ్లు అక్కర్లేని రోజున కూడా మంట పెట్టాను.

ఆ చలికాలం చివర నాకు వరంగల్ బదిలీ అయింది. వెళ్లే ముందు కంకుల కట్ట పట్టుకుని అవ్వ ఇంటికి పోయాను. అప్పు తీర్చడానికి వచ్చినదానిలా కాక, పరీక్ష రాయడానికి వచ్చినదానిలా నిలబడ్డాను. పసివాడు ఇప్పుడు పరుగులు పెడుతున్నాడు, నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వేలాడుతున్నాడు. అవ్వకు అప్పటికి పళ్లు మూడో నాలుగో మిగిలాయి. ఒక గింజ తీసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పి, ఆనే పన్ను వెతుక్కుని కొరికింది.

కటుక్కుమంది.

లేచి వాకిట్లోకి పోయి, నీళ్ల పొయ్యి మీది పందిరి నుంచి పెద్ద కట్ట ఒకటి దింపి ముడి విప్పింది. నా కంకుల్ని అందులో కలిపి మళ్లీ బిగించి కట్టి పైకెత్తింది. కింద మంట మండుతోంది. నేను గడప దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. అప్పటికే అన్నీ ఒకే మసి రంగు, వాటిలో నావి ఏవో నాకే తెలియలేదు.